పాత దస్తావేజులలో ముస్లిం స్త్రీల వాణి

విశాఖపట్నం జిల్లాను గురించి ఆంగ్లేయుల పాలనలో వెలువడిన గ్రంథాలలో రెండు పేరుపొందినవి. 1869లో కార్మైకేల్ దొర వ్రాసిన జిల్లా మాన్యువల్ ఒకటి, 1907లో ఫ్రాన్సిస్ దొర కూర్చిన గెజిటీరు రెండవది. జమీందారీలు, శిస్తులు, రేవులు, కరవులు, కొండదారులు - వీటి వివరమంతా ఆ గ్రంథాలలో దొరుకుతుంది. కాని ఈ జిల్లాలోని ముస్లిం కుటుంబాలలో ఒక తల్లి, ఒక వితంతువు, పిల్లలకు ఖుర్ఆన్ నేర్పిన ఒక ఉస్తానీ తన జీవితాన్ని గురించి ఏమనుకున్నదో తెలుసుకోగోరేవారికి ఆ పుటలు అంతగా తోడ్పడవు. పాలకులకు కావలసిన లెక్కలను పాలకులు వ్రాసుకున్నారు. స్త్రీ మాట వారి లెక్కలోనిది కాదు.

అయితే ఆ కాలపు ముస్లిం స్త్రీలు ఏమీ పలకలేదా? పలికినది ఎక్కడో నిలిచి ఉండగా మనమే తగిన చోట వెదకలేదా? రెండవదే నిజమని ఈ వ్యాసం చెప్పదలచింది. వారి మాటలు గ్రంథాలలో కంటె దస్తావేజులలోనే ఎక్కువగా నిలిచాయి. వాటిని ఎక్కడ వెదకాలి, ఎలా చదవాలి, ఎంతవరకు నమ్మాలి అనే మూడు ప్రశ్నలను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మన విద్యా సంప్రదాయంలో స్త్రీ పేరు

ఈ పని మనకు కొత్త కాదని మొదట గ్రహించాలి. దివ్యఖుర్ఆన్‌లోని 58వ సూరా పేరే వాదించిన స్త్రీని సూచిస్తుంది. భర్త తనను అన్యాయంగా విడనాడాడని హజ్రత్ ఖౌలా బిన్త్ సాలబా (ర.అన్హా) మహాప్రవక్త (స) వద్దకు వచ్చి మొర పెట్టుకున్నారు. ఆమె మొర వినబడినదనే ప్రకటనతోనే ఆ సూరా ఆరంభమవుతుంది. హజ్రత్ అబూబకర్ (రజి) కాలంలో సంకలనమైన ఖుర్ఆన్ ప్రతి హజ్రత్ ఉమర్ (రజి) అనంతరం ఆయన కుమార్తె, విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (ర.అన్హా) వద్ద భద్రంగా ఉన్నది. హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతులు వ్రాయించినపుడు ఆమె వద్ద నుండే దానిని తెప్పించుకున్నారు. ఈ సముదాయపు అత్యంత విలువైన వ్రాతప్రతికి సంరక్షకురాలు ఒక స్త్రీ అన్నమాట.

తరువాతి పండితులు కూడా ఈ మర్యాదను పాటించారు. ఇబ్న్ సాద్ తన 'తబఖాత్' చివరి సంపుటాన్ని స్త్రీలకు కేటాయించాడు. హిజ్రీ 902లో మరణించిన సఖావీ తన శతాబ్దపు ప్రముఖుల చరిత్రలో చివరి సంపుటమంతా స్త్రీల కొరకే ఉంచి, వెయ్యికి పైగా స్త్రీలను పేర్కొన్నాడు. సహాబీల ఉల్లేఖనాలను హజ్రత్ ఆయిషా (ర.అన్హా) సరిదిద్దిన సందర్భాలను జర్కషీ ఒక ప్రత్యేక గ్రంథంగా కూర్చాడు. మక్కాలో కరీమా మర్వజియ్యా వద్ద సహీహ్ బుఖారీ చదువుకున్నవారిలో ఖతీబ్ బగ్దాదీ వంటి మహాపండితుడు ఒకడు. మన కాలంలో డాక్టర్ ముహమ్మద్ అక్రమ్ నద్వీ హదీసు విదుషీమణుల చరిత్రను అరబ్బీలో 43 సంపుటాలుగా కూర్చగా అది 2021లో వెలువడింది.

ఆయనకు అంత సామగ్రి ఎక్కడ దొరికింది? ప్రసిద్ధ గ్రంథాలతో పాటు వ్రాతప్రతుల అంచులలోనూ, చివరి పుటలలోనూ ఉన్న 'సమా' పట్టికలలో దొరికింది. ఫలానా దినమున, ఫలానా ఇంటిలో, ఫలానా విదుషి ఎదుట ఈ గ్రంథం చదువబడింది, విన్నవారు వీరు అని వ్రాసిపెట్టిన చిన్న చిన్న పట్టికలవి. గ్రంథం మధ్యలో లేని పేరు అంచున ఉన్నది. దస్తావేజులను చదివేవారికి ఇదే మొదటి పాఠం. ముఖ్య విషయాన్ని చదివి కాగితం మడిచిపెట్టరాదు. సాక్షుల పేర్లు, వెనుకవైపు వ్రాతలు, ముద్రలు, అన్నీ చూడాలి.

స్త్రీ మాట ఎప్పుడు కాగితమెక్కుతుంది?

సాధారణంగా మూడు సందర్భాలలో స్త్రీ దస్తావేజులోకి వస్తుంది: పెండ్లి, సొత్తు, వివాదం. టర్కీలోని కైసరీ పట్టణపు షరీఅత్ కోర్టు రికార్డులను రోనాల్డ్ జెన్నింగ్స్ అనే పరిశోధకుడు పరిశీలించి 1975లో ఒక వ్యాసం ప్రకటించాడు. పదిహేడవ శతాబ్దపు ఆరంభంలో అక్కడి స్త్రీలు తరచుగా తామే కాజీ ఎదుటికి వచ్చి వారసత్వం కొరకు, మెహర్ కొరకు, ఇల్లు వాకిళ్ల కొరకు దావాలు వేశారని ఆ రికార్డులు చూపాయి. ముస్లిం స్త్రీ నాలుగు గోడల మధ్య నోరు మూసుకుని బ్రతికిందని వ్రాసినవారు ఈ రికార్డులను తెరచి చూడలేదు.

మన దేశంలో ఇందుకు మంచి ఉదాహరణ షంసున్నీసా బేగం వ్యాజ్యం. భర్త బుజ్లుర్ రహీం చేతికిచ్చిన తన కంపెనీ కాగితాలను, అనగా ప్రభుత్వ ఋణపత్రాలను తిరిగి ఇప్పించవలసిందిగా ఆమె దావా వేసింది. వాటిని ఆమె వద్ద కొన్నానని భర్త వాదించాడు. వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి 1867లో తేలింది. ఘోషాలో ఉన్న భార్య సొత్తును కొన్నానని చెప్పే భర్తే ఆ మాటను నిరూపించుకోవాలని న్యాయమూర్తులు నిర్ణయించారు. ఘోషా స్త్రీ వ్రాసి ఇచ్చినదనే పత్రంపై ఆధారపడేవాడు, అది ఆమెకు చదివి వినిపించబడిందనీ, ఆమె అర్థం చేసుకుని ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నదనీ రుజువు చేయాలన్న సూత్రం ఇటువంటి తీర్పుల వలన స్థిరపడింది. ఈ పత్రంలోని మాట ఆమెదేనా అని న్యాయస్థానం వేసిన ప్రశ్నే చరిత్రకారుడు కూడా వేయవలసిన ప్రశ్న.

విశాఖలో ఎక్కడ వెదకాలి?

కంపెనీ కోర్టులలో కాజీలు, ముఫ్తీలు ధర్మశాస్త్ర సలహాదారులుగా ఉండేవారు. 1864 చట్టంతో ప్రభుత్వం ఆ పదవులను తీసివేసింది. నికాహ్‌లకు కాజీలు లేక చిక్కులు ఏర్పడడంతో 1880లో కాజీల చట్టం వచ్చింది. అది మొదట చెన్నపట్నం ప్రభుత్వ పరిధిలోని ప్రాంతాలకే వర్తించింది. విశాఖపట్నం ఆ పరిధిలోనిదే. అందుచేత ఈ కోస్తా జిల్లాలలో కాజీల వద్ద ఉన్న పాత నికాహ్ దఫ్తర్లు మొదటి ఆధారం. వధువు పేరు, తండ్రి పేరు, మెహర్ ఎంత, అది వెంటనే చెల్లించేదా వాయిదాదా, వధువు అనుమతి తెచ్చిన వకీలు ఎవరు, ఇద్దరు సాక్షులు ఎవరు - ఇన్ని సంగతులు ఒక్క వరుసలో దొరుకుతాయి.

రెండవది సబ్ రిజిస్ట్రారు కార్యాలయం. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కోర్టుకు స్వయంగా రానవసరం లేని వారి వద్దకు అధికారి ఇంటికి వెళ్లవచ్చు, లేదా కమీషన్ పంపవచ్చు. ఘోషా స్త్రీల దస్తావేజుల వెనుక ఇటువంటి వ్రాత ఉంటే, ఎవరు వెళ్లారు, ఎవరు ఆమెను గుర్తుపట్టారు అన్నది తెలుస్తుంది. స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటవ పుస్తకం నుండి రుసుము చెల్లించి ఎవరైనా నకలు పొందవచ్చు. మెహర్‌కు బదులుగా భార్యకు ఇల్లు వ్రాసి ఇచ్చిన పత్రాలు, హిబా పత్రాలు, అక్కచెల్లెళ్లు తమ వాటా వదులుకున్న పత్రాలు అక్కడ కనబడతాయి. మస్జిద్‌కో దర్గాకో స్త్రీలు ఇచ్చిన వక్ఫ్ ఏదైనా ఉంటే అదీ కనబడవచ్చు. దానం వ్రాయించిన స్త్రీ పేరు నిలవడం ఈ నేలకు కొత్త కాదు. వెలనాటి మూడవ గొంకరాజు (1137-56) రాణి సింహాచలం దేవుని విగ్రహానికి బంగారు తొడుగు చేయించిన సంగతి నేటికీ అక్కడి శాసనం వల్లనే తెలుస్తున్నది. కాగితం శిల కంటె త్వరగా నశిస్తుంది, అంతే భేదం.

మూడవది సముద్రం. 1860 నవంబరు 16న చెన్నపట్నం నుండి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుండి 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లారు. వారిలో విశాఖపట్నం జిల్లావారూ ఉన్నారు. ఓడ పట్టికలో ఒక్కొక్కరికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, ఒంటిమీది గుర్తు వ్రాశారు. 'ముసల్మాన్' అని కులం గడిలో వ్రాయబడిన స్త్రీలు కూడా వాటిలో కలరు. ఈ పట్టికలు నేడు డర్బన్‌లో క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయపు గాంధీ-లుతూలీ కేంద్రంలో అందుబాటులో ఉన్నాయి. మారిషస్‌లోని ఇటువంటి భాండాగారాన్ని 2015లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

ఇక రంగూనుకు ఇటువంటి పట్టిక లేకుండానే వేలాది మంది ఈ తీరం నుండి స్టీమరెక్కారు. 1942లో జపాను దాడితో అక్కడి నుండి ఎందరో కాలినడకన తిరిగి వచ్చారు. ఆ సంవత్సరమే ఏప్రిల్ 6న విశాఖపై బాంబులు పడ్డాయి. రంగూను నుండి వచ్చిన మనీయార్డరు రసీదుపై ఇంటి ఇల్లాలి వేలిముద్ర, ఆమె చెప్పగా పొరుగువారు వ్రాసిన ఉత్తరం - ఇవి ఏ ప్రభుత్వ భాండాగారంలోనూ ఉండవు. ఉంటే ఇంట్లోని పెట్టెలోనే ఉంటాయి.

నాలుగవది బ్రతికి ఉన్నవారి జ్ఞాపకం. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. భూసేకరణ కాగితాలలో పట్టాదారు పేరు ఉంటుంది. ఆ ఇంటిని నడిపిన స్త్రీ ఏ బావి, ఏ చెట్టు, ఏ ఖబరస్తాన్ విడిచివచ్చిందో కాగితం చెప్పదు. ఆమెనే అడగాలి. ఈ విధంగా అడిగి వ్రాసిన గ్రంథం తెలుగులో ఇదివరకే ఉన్నది. స్త్రీశక్తి సంఘటన వారు 1986లో ప్రకటించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాట స్త్రీలు తమ కథ తామే చెప్పుకున్నారు. వారిలో హైదరాబాదుకు చెందిన జమాలున్నీసా బాజీ కూడా ఒకరు. స్వాతంత్ర్యోద్యమంలోని ముస్లిం మహిళలను గురించి సయ్యద్ నసీర్ అహమ్మద్ తెలుగులో చేసిన కృషి కూడా పాఠకులకు తెలిసినదే.

అనువాదంలో జారిపోయే స్వరం

దొరికిన కాగితాన్ని చదవడంలో భాష వల్ల కలిగే చిక్కులు అనేకం. అనువాదం చేసేవారు వీటిని ముందే తెలుసుకోవాలి.

పాత ఉర్దూ దస్తావేజులు 'మన్‌కె ముసమ్మాత్ ఫలానా' అని మొదలవుతాయి. ఫలానా పేరుగల స్త్రీనైన నేను అని దాని భావం. పురుషుడైతే 'ముసమ్మా'. తరువాత ఆమెను 'మజ్కూరా', 'ముఖిర్రా' అంటారు. పురుషుడైతే 'మజ్కూర్', 'ముఖిర్'. ఉర్దూ క్రియలో కూడా 'దేతీ హూఁ' అంటే ఇచ్చేది స్త్రీ, 'దేతా హూఁ' అంటే పురుషుడు. అదే తెలుగులో 'వ్రాసి ఇచ్చుచున్నాను' అంటే మాట్లాడేది ఎవరో క్రియ చెప్పదు. కనుక ఉర్దూ నుండి తెలుగులోకి తెచ్చినపుడు ఒక్కొక్క వాక్యంలో వినబడిన స్త్రీ స్వరం మొదటి వరుసలోని పేరు తరువాత మాయమవుతుంది. అనువాదకుడు 'స్త్రీనైన నేను' అని అవసరమైన చోట నిలుపక తప్పదు.

రెండవ చిక్కు గౌరవవాచకం. పారసీ సర్వనామానికి స్త్రీ పురుష భేదం లేదు. తెలుగులో 'ఆమె', 'ఆవిడ', 'వారు', 'అది' అనే మెట్లు ఉన్నాయి. మూలంలో లేని హెచ్చుతగ్గులను అనువాదకుడు తన కలంతో కల్పించగలడు. బేగంను 'వారు' అని, పనిమనిషిని 'అది' అని వ్రాస్తే ఆ తీర్పు మూలానిది కాదు, మనది. అందరినీ 'ఆమె' అని వ్రాయడం న్యాయం.

మూడవది అన్నిటికంటె ప్రమాదకరమైనది. మెహర్ రెండు విధాలు. 'ఐన్' అక్షరంతో వ్రాస్తే వెంటనే చెల్లించవలసిన మెహర్. 'హమ్జా'తో వ్రాస్తే వాయిదా మెహర్. తెలుగు లిపిలో ఈ రెండూ 'ముఅజ్జల్' అనే ఒకే రూపంలోకి దిగిపోతాయి. ఒక్క అక్షరపు తేడాతో స్త్రీ హక్కు నేటిదా, భర్త మరణానంతరానిదా అన్నది మారిపోతుంది. అందుచేత ఆ మాటను తెలుగు లిపిలో వ్రాసి వదలక, 'తక్షణ మెహర్', 'వాయిదా మెహర్' అని అర్థం చెప్పి వ్రాయాలి.

నాలుగవది పేరు. ఒకే స్త్రీ ఒక కాగితంలో 'ఫాతిమా బీబీ', మరొకదానిలో 'పాతిమాబీ', ఆంగ్లంలో ఇంకేదో అవుతుంది. తండ్రి పేరు, ఊరు, తేదీ సరిపోల్చకుండా ఇద్దరిని ఒకరుగా గాని, ఒకరిని ఇద్దరుగా గాని లెక్కించరాదు. చివర 'నిశాని' అని వేలిముద్ర ఉన్నంత మాత్రాన ఆమెకు చదువు రాదనీ తేల్చరాదు. ఖుర్ఆన్, ఉర్దూ చదవగలిగి వ్రాయడం నేర్వని స్త్రీలు ఆ కాలంలో ఎందరో ఉండేవారు.

కవిత్వంలోనూ ఇదే చిక్కు. ఉర్దూ గజల్‌లో మాట్లాడేవారు సంప్రదాయంగా పుంలింగంలోనే మాట్లాడతారు. తఖల్లుస్‌లో కూడా స్త్రీ అని తెలియకపోవచ్చు. హైదరాబాదు కవయిత్రి మాహ్ లఖా బాయి చందా (1768-1824) తన దివాన్ ప్రతిని 1799లో మీర్ ఆలం ఇంట కెప్టెన్ మాల్కంకు బహూకరించింది. ఆ ప్రతి లండన్ చేరి అక్కడే భద్రంగా ఉన్నది. ఉర్దూలో దివాన్ కూర్చిన మొదటి స్త్రీగా చాలాకాలం ఆమెనే చెప్పుకున్నారు. లుత్ఫున్నీసా ఇంతియాజ్ దివాన్ 1797 నాటిదని తరువాత పరిశోధకులు చూపారు. ఒక వ్రాతప్రతిని శ్రద్ధగా తెరచి చూడడంతో చరిత్రలో 'మొదటి' అనే మాటే మారిపోయింది.

ఇష్టపూర్వకం అన్న మాటను ఎంత నమ్మాలి?

అక్కచెల్లెలు తన వాటాను సోదరులకు వదులుకున్న 'దస్త్‌బర్దారీ' పత్రాన్ని తీసుకుందాం. అందులో ఎవరి బలవంతం లేక, ఇష్టపూర్వకంగా వ్రాసి ఇస్తున్నానని తప్పక ఉంటుంది. ఇది లేఖరి వాడే మూస వాక్యం. ఇల్లు అమ్మేవాడి పత్రంలోనూ ఇదే ఉంటుంది. కాబట్టి ఆమె మనస్సును ఈ వాక్యంతో నిర్ణయించలేము. వేరే గుర్తులు చూడాలి. తండ్రి మరణించిన ఎన్ని దినాలకు ఇది వ్రాయబడింది? ఆమెకు ప్రతిఫలం ముట్టిందా? సాక్షులందరూ సోదరుల పక్షమేనా? ఆమెకు చదివి వినిపించారనే వ్రాత ఉందా? తరువాత ఆమె ఎన్నడైనా దావా వేసిందా? సూరా నిసాలో అల్లాహ్ నిర్ణయించిన వాటా ఆడబిడ్డ చేతికి అందిందా లేదా అన్నది ఈ చిన్న ప్రశ్నలతోనే తేలుతుంది. తాతల కాలపు ఈ లెక్క నేటి ఇంటి పంపకాలకు కూడా అద్దమే.

ఇంతే జాగ్రత్త మరొక వైపునా కావాలి. కోర్టు రికార్డులలో తగాదాలే ఉంటాయి. సుఖంగా సాగిన కాపురం కోర్టుకెక్కదు. కనుక వ్యాజ్యాలను చూసి ఆ కాలపు ఇళ్లన్నీ కలహాలమయమని చెప్పడం తప్పు. అంతకంటె పెద్ద తప్పు, కాగితంలో లేని మాటను మనకు నచ్చిన విధంగా ఆమె నోట పెట్టడం. మన హదీసు శాస్త్రం పలికినవారిని, అందించినవారిని, మాటను వేరువేరుగా పరీక్షిస్తుంది. అబద్ధపు ఉల్లేఖన కల్పించిందన్న నింద ఏ స్త్రీపైనా పడినట్లు తనకు తెలియదని ఇమాం జహబీ వంటి కఠిన విమర్శకుడు చెప్పాడు. అట్టి స్త్రీల వారసులను గురించి వ్రాస్తూ మనం కల్పన చేయరాదు. ఇది ఆమె మాట, ఇది లేఖరి మాట, ఇది నా ఊహ అని మూడింటిని వేరు చేసి చూపాలి.

పేరు బయటపెట్టడం పరదాకు విరుద్ధమా?

ఈ సందేహం కొందరికి కలుగుతుంది. కొన్ని ఇళ్లలో శుభలేఖపై వధువు పేరు, సమాధిపై తల్లి పేరు వ్రాయించరు. ఇది వాడుకే గాని ధర్మం కాదు. అందరిలో మీకు ప్రియమైన వారెవరని హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) అడిగినపుడు మహాప్రవక్త (స) సంకోచం లేకుండా హజ్రత్ ఆయిషా (ర.అన్హా) పేరు చెప్పారు. వేలాది స్త్రీల పేర్లు ఇస్నాద్‌లలో ఉచ్చరించకుండా హదీసు విద్యే సాగదు. అయితే పేరు వేరు, గుట్టు వేరు. ఒక కుటుంబపు విడాకుల కారణాలు, రోగాలు, నిందలు పత్రికకు ఎక్కించవలసిన పనిలేదు. వారసులు బ్రతికి ఉన్నపుడు వారి అనుమతి లేకుండా ఏదీ ప్రకటించరాదు. దానం చేసినది, చదువు చెప్పినది, హక్కు అడిగినది గౌరవంగా చెప్పవచ్చు.

మనం చేయవలసినది

మన తీరంలో ఉర్దూ, పారసీ చదవగల పెద్దలు తగ్గిపోతున్నారు. పిల్లలు తెలుగు, ఆంగ్లం చదువుతున్నారు. చదవలేని కాగితం విలువలేనిదిగా కనబడి, ఇల్లు మారినపుడు పాత పెట్టెతో పాటు పోతుంది. తేమగాలి, చెదలు మిగిలిన పని చేస్తాయి. అందుచేత ప్రతి కుటుంబమూ కొన్ని పనులు చేయవచ్చు. పాత నికాహ్‌నామా, దస్తావేజు, ఉత్తరం ఏదైనా ఉంటే రెండు వైపులా, అంచులతో సహా, మంచి వెలుతురులో ఫోటో తీయాలి. చిరిగిన చోట జిగురు కాగితం అంటించరాదు, ప్లాస్టిక్ పొరలో అతికించరాదు. అది ఎవరి ఇంట, ఎవరి ద్వారా వచ్చిందో వేరే కాగితంపై వ్రాసిపెట్టాలి. కాగితానికి అదే ఇస్నాద్. చదవగల పెద్దలు ఉండగానే చదివించి తెలుగులో భావం వ్రాయించుకోవాలి. ఇంట్లోని వృద్ధ స్త్రీని ఆమె తల్లి పేరు, అమ్మమ్మ పేరు, వారి పుట్టినూరు అడగాలి. తండ్రి వైపు ఏడు తరాలు చెప్పగలిగినవారు తల్లి వైపు మూడవ పేరు దగ్గరే ఆగిపోవడం మన ఇళ్లలో తరచుగా కనబడుతుంది.

మస్జిద్ కమిటీలు, కాజీలు తమ పాత దఫ్తర్లకు ఒక ప్రతిని తీయించి వేరొక చోట ఉంచితే మేలు. విద్యార్థులు వాటిలోని పేర్లతో తెలుగులో ఒక సూచిక తయారు చేయవచ్చు. ఇది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఓపిక, అమానతు ఉంటే చాలు. ఆ స్త్రీలు తమ హక్కును, దానాన్ని, సాక్ష్యాన్ని కాగితంపై ఉంచి వెళ్లారు. ఆ అమానతును తరువాతివారికి అందజేసే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక!